ఒక్క వేలితో తిప్పిన స్టీరింగ్

మోకాళ్లు మొరాయించి షెడ్డు తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టేశాక, ఇంటికి వచ్చే కుర్ర మెకానిక్కులు నన్ను ఒకటే అడుగుతున్నారు. "మీ సర్వీసులో బాగా కష్టపెట్టిన రిపేరు ఏదండీ?" అని. ఇంజను పగిలిన బండి గురించో, గేర్‌బాక్సు ముక్కలైన బండి గురించో చెబుతానని చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. వాళ్లని నిరాశపరచడం నాకూ ఇష్టముండదు కానీ, నన్ను ఓడించింది జానెడు రబ్బరు గొట్టం. దాన్ని మార్చడానికి ముప్పావు గంట పట్టింది. కనిపెట్టడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలల్లో ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు. అందరం ఈ తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్యనే తిరిగేవాళ్లం, రేపు పొద్దున ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

మా లైన్లో ఒక పద్ధతి ఉంది. మీలో కొందరికి తెలియకపోవచ్చు. బండి విషయంలో ఓనరుకీ డ్రైవరుకీ మాట తేడా వస్తే ఇద్దరూ కలిసి మేస్త్రి దగ్గరికి, అంటే నాలాంటి పెద్ద మెకానిక్కు దగ్గరికి వస్తారు. ఓనరు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేస్త్రీ, తప్పు బండిదా, మనిషిదా?" మేస్త్రి ఏదంటే అదే ఖాయం. కాగితం ఉండదు, సంతకం ఉండదు, పైన చెప్పుకోవడానికి ఇంకో చోటు ఉండదు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ మేం ఒక ముక్క అంటాం, ఆ ముక్క మీద ఒకడి ఉద్యోగం ఉంటుంది లేదా ఊడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ ముక్క అంటూ వచ్చాను. ఎన్నిసార్లు సరిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకోవాలంటే భయమేస్తుంది.

సంగతి ఏడెనిమిదేళ్ల కిందటిది. బాపట్లలో మూడు లారీలున్న ఓనరు ఒకాయన తన బండ్లన్నీ నా దగ్గరే చేయించేవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఆ మూడింట్లో ఒక బండిని తోలేవాడిది రేపల్లె పక్కన పల్లెటూరు. యాభై దాటాయి. ఇరవై ఆరేళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషి. రేపల్లె పల్లెల నుంచి పొన్నూరు మిల్లులకు ధాన్యం, తిరుగు ప్రయాణంలో చేపల చెరువులకు తవుడు, ఇదీ ఆయన బండి పని. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లాలి, ఆ పూట బండి ఎక్కమంటే ఎక్కడు. ఓనరుకి దాని మీద లోపల్లోపల గుర్రు ఉండేది కానీ, ఒక్క గీత పడకుండా బండి తోలేవాడు కాబట్టి నోరు మూసుకునేవాడు.

ఆ డ్రైవరు ఒక రోజు తెనాలిలో నా షెడ్డుకొచ్చి చెప్పిన మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అన్నయ్యా, రెండు నెలల్నుంచి స్టీరింగ్ బరువుగా ఉంటంది. పొద్దున బండి తీసినప్పుడు బానే ఉంటది. ఎండెక్కాక, లోడు మీద నాలుగూళ్లు దాటానంటే రాయైపోతంది. లోపల ఏదో మూలుగుతా ఉంటది."

రోగి తన జబ్బంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. డాక్టరుగారే వినలేదు.

పవర్ స్టీరింగ్ అంటే తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఇంజను తిరిగితే ఒక చిన్న పంపు తిరుగుతుంది. అది డబ్బాలోంచి ఆయిలు లాగి, ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి తోస్తుంది. ఆ ఒత్తిడే డ్రైవరు చేతికి సాయం. ఆయిలు తగ్గినా, గాలి చేరినా, పంపు అరిగినా సాయం తగ్గుతుంది, చక్రం బరువెక్కుతుంది. నేను డబ్బా చూశాను, ఆయిలు కొద్దిగా తక్కువుంది. పోశాను. ఫిల్టరు మార్చాను. గాలి తీశాను. "పో తమ్ముడూ, అయిపోయింది" అన్నాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఈసారి పంపు విప్పి చూశాను, లోపల శుభ్రంగా ఉంది. ముందు చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పాను, ఎక్కడా పట్టేయకుండా తిరిగాయి. ఇంక నాకేమీ దొరకలేదు. దొరక్కపోతే మేస్త్రికి మనసులో ఏమొస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

దానికి తోడు ఆయన దగ్గర నొప్పుల మందు వాసన గుప్పుమంది. కుడి భుజం మాటిమాటికీ చేత్తో నొక్కుకుంటున్నాడు.

"భుజానికేమైంది?" అని అడిగాను.

"రెండు నెలల్నుంచి లాగేస్తందన్నయ్యా. రాత్రి మా ఆవిడ మందు రుద్దితే గానీ నిద్ర పట్టట్లా."

అక్కడే నా బుర్ర చెడిపోయింది. భుజం నొప్పి వల్ల ఈయనకు స్టీరింగ్ బరువనిపిస్తోంది అనుకున్నాను. స్టీరింగ్ బరువు వల్ల భుజం నొప్పి పుట్టి ఉండొచ్చని తోచలేదు. రెండు నెలల్నుంచి నొప్పి, రెండు నెలల్నుంచి బరువు, లెక్క రెండు వైపులా సరిపోతోంది. నేను మాత్రం నాకు వీలైన వైపే చూశాను.

ఆ తర్వాత పది రోజులకే అది జరిగింది. ధాన్యం లోడుతో చెరుకుపల్లి దాటాక కాలువ గట్టు మలుపులో బండి తిరగలేదు. ముందు చక్రం గట్టు అంచు మీదికెక్కి ఒరిగి ఆగిపోయింది. ఇంకో రెండు మూరలు పోతే కాలువలోనే. ఎవరికీ ఏమీ కాలేదు, బస్తాలు కొన్ని నీళ్లలో పడ్డాయంతే. ట్రాక్టర్లతో లాగించి, సాయంత్రానికి బండిని నా షెడ్డులో పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఓనరు బాపట్ల నుంచి దిగాడు. డ్రైవరూ వచ్చాడు, ముందు రోజు చొక్కాతోనే.

"చెప్పు మేస్త్రీ" అన్నాడు ఓనరు. "బండిదా, మనిషిదా? నాకు ఇవాళ తేలిపోవాలి."

నేను పద్ధతి ప్రకారమే చేశాను. ఒత్తిడి చూసే గేజి పెట్టాను, ముల్లు ఎక్కడుండాలో అక్కడ నిలబడింది. బండి స్టార్టు చేసి షెడ్డు ముందు ఖాళీ స్థలంలో ముందుకీ వెనక్కీ తిప్పాను. రాత్రంతా చల్లబడ్డ బండి, మీద లోడు లేదు, పొద్దున ఏడున్నర. తేలిగ్గా తిరిగింది. అక్కడితో ఆగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఓనరు చూస్తున్నాడు, పక్క షెడ్డుల వాళ్లు చూస్తున్నారు. నేను చక్రం మీద చూపుడు వేలొకటి ఆనించి, ఆ ఒక్క వేలితో స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి చూపించాను. ఎవరో నవ్వారు కూడా.

డ్రైవరు బండి తలుపు పట్టుకుని నిలబడి, "అన్నయ్యా, ఇట్టా కాదు. లోడెత్తి ఎండలో నాతో ఒక్కసారి రండి. రేపల్లె నుంచి పొన్నూరు దాకా రండి చాలు. మీకే తెలుస్తది" అన్నాడు.

వెళ్లొచ్చు. ఒక్క పూట పని. అవతల క్లచ్ పని మీద రెండు బండ్లు ఉన్నాయన్నాను, మోకాళ్లు నొప్పన్నాను. అవేవీ కారణాలు కావు. గేజి ముల్లు చెప్పింది కాదని, డ్రైవరు చెప్పింది వినడమంటే నాకు నామోషీ. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

కిందికి దిగి, "బండి తప్పేం లేదండీ" అన్నాను ఓనరుతో. "ఆయన భుజం బాలేదు. వయసు కూడా చూడాలిగా."

డ్రైవరు తన చెయ్యి వైపు ఒకసారి చూసుకున్నాడు. ఓనరు అక్కడికక్కడే తాళం తీసుకున్నాడు. నా మాట మర్నాటికల్లా బాపట్ల లారీ స్టాండుకి, పొన్నూరు మిల్లులకి పాకిపోయింది. "ఆయన చెయ్యి పోయిందంట, మేస్త్రే చెప్పాడంట" అని. ఆ తర్వాత ఆయన్ని ఏ ఓనరూ బండి ఎక్కించుకోలేదు.

నా పక్క షెడ్డులో లేత్ మిషను మీద పనిచేసేవాడొకడు ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ మధ్యాహ్నం టీ తాగుతూ, "లోడు మీద ఒకసారి పోయొస్తే అయిపోయేదిగా" అన్నాడు. "నువ్వు నీ ఇనప ముక్కలు చూసుకో" అని కసిరాను. ఆయన గ్లాసు పెట్టేసి లేచి వెళ్లాడు. నిజం చెబితే కోపం రావడం నాకు కొత్తేం కాదు, ఇంట్లోవాళ్లని అడగండి.

రెండు నెలలు గడిచాయి. ఆ బండి మీదికి ఓనరు కొత్త డ్రైవర్ని పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, పొద్దున లేస్తే వ్యాయామం చేస్తాడట, కండలు చూస్తే చొక్కా చిరిగేలా ఉండేవి. ఒక రోజు మధ్యాహ్నం ఆ పిల్లవాడు చెమటలు కక్కుతూ నా షెడ్డు ముందు బండి ఆపి దిగాడు.

"ఏం బండండీ బాబూ ఇది! ఇన్నాళ్లూ బలం పెట్టి లాక్కొచ్చా, ఇంక నా వల్ల కాదు. పొద్దున బానే ఉంటదా, ఎండలో లోడు మీద స్టీరింగ్ రాయైపోతంది. లోపలేదో మూలుగుతంది కూడా."

అవే మాటలు. నా చేతిలో ఉన్న పానా కింద పెట్టేసి బల్ల మీద కూర్చుండిపోయాను. ఈ పిల్లవాడి భుజం బాలేదని ఎవరితో చెప్పను?

మర్నాడు ప్యాసింజర్ రైలెక్కి రేపల్లె వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. బండికి ధాన్యం లోడెత్తే దాకా చెట్టు కింద కూర్చుని, పదకొండింటికి బయల్దేరేటప్పుడు, "నువ్విటు రా, నేను తోలతా" అని ఆ కుర్రాణ్ణి పక్కకి జరగమన్నాను. రోహిణి ఎండ, రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. మొదట బాగానే ఉంది. నాలుగో ఊరు దాటాక మొదలైంది మూలుగు. పంపు ఆకలికి ఏడుస్తున్నట్టు సన్నగా మూలిగింది. ఎదురుగా వస్తున్న బస్సుకి దారివ్వడానికి ఎడమకి తిప్పబోయాను, చక్రం కదల్లేదు. రెండు చేతులూ వేశాను. పళ్లు బిగబట్టి, సీట్లోంచి సగం లేచి లాగితే అంగుళం అంగుళం తిరిగింది. బస్సువాడు తిట్టుకుంటూ పోయాడు. బండి పక్కన ఆపాను. నా కుడి భుజంలో కలుక్కుమంది.

ఆ మనిషి రెండు నెలల పాటు రోజూ ఇలా తోలాడు. తోలుతూ, ఆ కాలువ గట్టు రోజు దాకా ఒక్క గీత పడకుండా సరుకు చేర్చాడు.

ఇంజను ఆపకుండానే కిందికి దిగి చూశాను. కుర్రాణ్ణి యాక్సిలేటర్ తొక్కమన్నాను. డబ్బా నుంచి పంపుకి ఆయిలు తీసుకెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం మీద చెయ్యి వేశాను, కాలిపోతోంది. పైకి కొత్తదానిలా నిగనిగలాడుతోంది, చీలిక లేదు, కారడం లేదు. అందుకే ఎప్పుడూ దాని వంక చూడలేదు. ఎలాగో బండి తెనాలి చేర్చి, ఆ గొట్టం ఊడదీసి కత్తితో నిలువునా కోశాను. లోపలి పొర అరటి తొక్కలా ఊడివచ్చి వేలాడుతోంది. చల్లగా ఉన్నప్పుడు అది గోడకి అంటుకుని ఉంటుంది, ఆయిలు బాగానే పోతుంది. వేడెక్కి మెత్తబడ్డాక, ఇంజను వేగం పెరిగి పంపు గట్టిగా లాగేసరికి ఆ పొర ముడుచుకుని దారి మూసేస్తుంది. పంపుకి ఆయిలు అందదు. పొద్దున ఏడున్నరకి ఖాళీ బండి మీద గేజి పెట్టే మేస్త్రికి అది ఈ జన్మలో కనిపించదు.

లేత్ ఆయన వచ్చి ఆ ముక్క చూశాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొత్త గొట్టం వేశాను. ఓనరుకి ఫోన్ చేస్తే, "బాగైంది గదా మేస్త్రీ, అయిపోయిన దాని గురించి ఇప్పుడెందుకు?" అన్నాడు. ఫోన్లో తేలదని బస్సెక్కి బాపట్ల వెళ్లాను. లారీ స్టాండులో ఆయనున్నాడు, ఇంకో నలుగురు ఓనర్లు, డ్రైవర్లు కూడా ఉన్నారు. వాళ్లందరి ముందూ ఆ కోసిన గొట్టం బల్ల మీద పెట్టాను.

"మీరు నన్నడిగారు, బండిదా మనిషిదా అని. మనిషిదన్నాను. తప్పు చెప్పానండీ. బండిదే. ఆయన చేతికేం కాలేదు."

సిగ్గుతో చచ్చిపోయాననే చెప్పాలి. అంతమందిలో అలాంటి మాట అనడం అదే మొదలు. ఓనరు గొట్టం తిప్పి తిప్పి చూసి, "సర్లే. ఈ కుర్రాణ్ణి ఇంకో బండి మీదికి మారుస్తా. ఆయన్ని రమ్మను. కాకపోతే ఒక ట్రిప్పు పక్కన నువ్వు కూర్చుని చూడు. నువ్వు బాగుందంటే సరే" అన్నాడు. మళ్లీ నా మాటే కావాలి. నా మాట విలువేంటో బల్ల మీద కోసి పెట్టినా సరే, నా మాటే కావాలి.

అట్నుంచటే రేపల్లె వెళ్లి, ఆయన ఊరు అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. గుమ్మంలో ఆయన భార్య ఎదురొచ్చి, "వందనాలన్నయ్య గారూ" అని కుర్చీ వేసింది. నేనెవరో ఆవిడకి తెలుసు. తెలిసీ వేసింది. ఆయన రొయ్యల చెరువు దగ్గర కాపలా పనికి కుదిరాడట, అప్పుడే వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు.

గొట్టం చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆయన లోపలి పొర వేలితో లేపి చూశాడు, వదిలాడు, మళ్లీ లేపాడు.

"అంటే, నేను చెప్పింది నిజమేనా అండీ?" అన్నాడు.

ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి, తన చేతులతో తాను పట్టుకున్న చక్రం బరువుగా ఉందా లేదా అని నన్నడుగుతున్నాడు.

"నిజమే తమ్ముడూ. మొదటి రోజు నుంచీ నువ్వు చెప్పిందే నిజం. నేనే వినలా."

"మొదట బండిదే అనుకున్నానండీ. మీరు గేజీ పెట్టి మరీ కాదన్నారు. అంత తెలిసిన మనిషి కాదన్నాక ఇంక నాదే అయ్యుంటది అనుకున్నా."

"నాదే, నాదే అనుకుని మంచినీళ్ల గ్లాసు కూడా రెండు చేతుల్తో పట్టుకుంటన్నారండీ" అంది ఆవిడ. "చెయ్యి వణుకుతందేమో చూడు, చూడు అని నన్ను చంపుకు తింటన్నారు. మా తమ్ముడు మోటార్ సైకిల్ ఇచ్చి తోలమన్నా తోలట్లా. ఆ రోజు మీరు ఈయనతో ఒక్క పూట వెళ్లుంటే ఏం పోయేదన్నయ్య గారూ?"

"ఊరుకోవే" అన్నాడాయన. ఊరుకోమన్నది నా మీద జాలిపడి. అది ఆవిడ తిట్టిన దానికన్నా గట్టిగా తగిలింది. ఏం పోయేది? ఏమీ పోయేది కాదమ్మా అన్నాను. క్షమించమన్నాను కూడా. ఆ మాటలు అంటుంటే నాకే పలచగా వినిపించాయి.

ఓనరు మళ్లీ బండి ఎక్కమన్నాడని చెబితే, రానని రెండు రోజులు అన్నాడు. మూడో రోజు వచ్చాడు, భార్యే పంపి ఉంటుంది. పొన్నూరు మిల్లులో తవుడు బస్తాలు ఎత్తి ఉన్నాయి, రేపల్లె అవతల చెరువులకి వెళ్లాలి. మధ్యాహ్నం పన్నెండు. కావాలనే ఆ వేళ చెప్పాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లన్నీ తట్టి, ఎక్కి కూర్చున్నాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. షెడ్డులో నేను వేలితో తిప్పి చూపించిన వేషం గుర్తొచ్చి బయటికి చూస్తూ కూర్చున్నాను.

బండి రోడ్డెక్కింది. ఊరు దాటింది. పంపు చప్పుడు లేదు, స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోంది, ఆయన తోలడంలో ఒక్క వంక లేదు. గోతిని ఎక్కడ తప్పించాలో, ఎదుటివాడికి ఎంత దారివ్వాలో ఆ చేతులకి అంతా తెలుసు. మొదటి పెద్ద మలుపు వచ్చింది. గేరు తగ్గించి, నిదానంగా తిప్పి, బండిని మళ్లీ నిటారుగా తెచ్చాడు. నేను ఇంతకన్నా బాగా తిప్పలేను, ఆ కండల కుర్రాడూ తిప్పలేడు.

రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, మెల్లగా అడిగాడు.

"సరిగ్గానే తిప్పానాండీ?"

అన్నయ్యా అనడం ఎప్పుడో మానేశాడు. అది కూడా అప్పుడే గమనించాను.

"బాగా తిప్పావు తమ్ముడూ" అన్నాను.

తలూపాడు. కిలోమీటరు దూరం వెళ్లాక ఇంకో మలుపు. తిప్పి, మళ్లీ అడిగాడు. చెరుకుపల్లి సెంటర్లో ఆటోల మధ్య నుంచి బండి బయటికి తీసి అడిగాడు. వంతెన ఎక్కి అడిగాడు, దిగి అడిగాడు. రేపల్లె చేరేదాకా ఆ రోడ్డుకి ఎన్ని మలుపులున్నాయో అన్నిసార్లూ అడిగాడు. అన్నిసార్లూ చెప్పాను.